దేహి లేని చర్మము

ఒక మనుష్యుని దేహమునుండి వేఱుపడి, ఆ మనుష్యుడు చికిత్స ముగించుకొని తన గ్రామమునకు మరలిపోయిన పిదపను, ఎక్కడనో యొక ప్రయోగశాలలో చిన్న పాత్రయందు పెరుగుచు, పోషకమును గ్రహించుచు, పొరపై పొర కట్టుచున్న చర్మమును గూర్చి వినినప్పుడు, అది జీవమా జడమా, జీవమే యైనచో ఎవని జీవము, అను ప్రశ్న ఏ దర్శనమును చదువనివానికిని తోపక మానదు. విజ్ఞానశాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నను ప్రక్కకు నెట్టి తన పని తాను సాగించుకొనగలడు. ధర్మమును గూర్చి యోచించువానికి ఆ వెసులుబాటు లేదు. ఏలయన, ఆ పొరను మనము పెంచుచున్నది పరీక్షకొఱకు. మందును, రంగును, సబ్బును, పురుగుమందును దానిపై పోసి, అది చచ్చునో బ్రదుకునో చూచుటకొఱకు. బాధపడునది ఎవరో తెలిసికొనక బాధించుట ఏ మతమునందును నిర్దోషముగా ఎంచబడలేదు.

ముందుగా వస్తువును సరిగా తెలిసికొందము. స్తనమునకో ఉదరమునకో జరిగిన శస్త్రచికిత్సలో తొలగింపబడిన చర్మమునుండి, లేక సున్తీ చేసిన శిశువుల చర్మమునుండి, కెరటినోసైట్లను కణములను విడదీసి, అతిసూక్ష్మరంధ్రములుగల యొక పలుచని పొరపై పఱచి, మొదట పోషకద్రవమున ముంచి, కొన్ని దినముల పిమ్మట పైభాగమును గాలికి విడిచి అడుగునకు మాత్రము ద్రవము అందునట్లు ఉంచుదురు. గాలి సోకిన పైకణములు చదునై, గట్టిపడి, తాము మృతములై క్రిందివానికి కవచమగును. క్రిందివి విభజించుచు పైకి నూతనకణములను పంపుచుండును. రెండుమూడు వారములలో గోరంత చర్మము సిద్ధమగును. సుశ్రుతుడు గర్భమునందు చర్మము ఏర్పడు విధమును వర్ణించుచు, కాగుచున్న పాలపై మీగడ కట్టునట్లు ఏడు పొరలు కట్టునని చెప్పియున్నాడు. ద్రవమునకును గాలికిని నడుమ, పైనుండి గట్టిపడుచు వచ్చు ఈ చర్మమును చూచినవారికి, ఆ మహావైద్యుని ఉపమానము ఎంత నిశితమైన చూపునుండి పుట్టినదో తెలియగలదు.

ఈ విద్యకు మూలము 1975లో అమెరికాలో జేమ్స్ రైన్‌వాల్డ్, హవర్డ్ గ్రీన్ అనువారు మానవచర్మకణములను పాత్రలో విస్తారముగా పెంచు ఉపాయమును ప్రకటించుటలో నున్నది. 1983లో దాదాపు దేహమంతయు కాలిపోయిన ఇద్దఱు సోదరబాలురకు వారిలో మిగిలిన కొలదిపాటి చర్మమునుండియే పొరలు పెంచి కప్పి ప్రాణము నిలిపిరి. రక్షించుటకు పుట్టిన విద్య పరీక్షించుటకును ఉపకరించినది. పరీక్షింపదలచిన పదార్థమును ఈ పొరపై కొంతసేపు ఉంచి, కడిగివేసి, కణములు బ్రదికియున్నవో లేవో ఒక పసుపుపచ్చని రసాయనముతో చూచెదరు. బ్రదికియున్న కణము తన శ్వాసక్రియకు సంబంధించిన శక్తితో ఆ పసుపును ఊదారంగునకు మార్చును, చచ్చిన కణము మార్చలేదు. బ్రదికినవి సగమో అంతకు తక్కువయో యైనచో ఆ పదార్థము చర్మమును మండించునదని నిర్ణయము. పలుదేశముల ఆర్థిక సహకారసంస్థయగు ఓ.ఇ.సి.డి. 2010లో ఈ పరీక్షను దేశదేశముల వాడుకకై అంగీకరించినది.

దీనికి పూర్వము ఆ పని కుందేలు చేసెడిది. అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధశాఖలో జాన్ డ్రైజ్ అను నతడు 1944లో స్థిరపఱచిన పద్ధతిననుసరించి, కుందేలు వీపున బొచ్చు గొఱిగి పదార్థమును అంటించి, లేదా అది కదలకుండ బంధించి కంటిలో వేసి, దినముల తరబడి ఆ వాపును, ఎఱ్ఱదనమును, పుండును లెక్కగట్టెడివారు. శిరోజములకు వేయు రంగుకొఱకును, పెదవులకు పూయు లేపనముకొఱకును ఇది జరిగినది. ఐరోపా సమాఖ్య దేశములు 2013 నాటికి ఇట్లు పరీక్షింపబడిన సౌందర్యద్రవ్యముల విక్రయమును సంపూర్ణముగా నిషేధించినవి; మన దేశము 2014లో పరీక్షను, అటుపిమ్మట అదే సంవత్సరమున అట్టి వస్తువుల దిగుమతిని నిషేధించినది. ఔషధముల విషయమున 2023లో సవరింపబడిన నియమములు జంతువులకు బదులుగా మానవకణములతో జరుపు పరీక్షలకు ద్వారము తెఱచినవి. మన నల్లగొండకును, పాలమూరనబడు మహబూబునగరమునకును ఇంచుమించు నూఱేసి కిలోమీటర్ల దూరములోనున్న హైదరాబాదులో, హబ్సిగూడలోని కణజీవశాస్త్ర పరిశోధనసంస్థయగు సి.సి.ఎం.బి.కి అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ సెంటరునందు, ఇట్టి మానవకణపద్ధతులకై ప్రత్యేకముగా ఒక కేంద్రము నెలకొన్నది. కావున ఇది దూరదేశపు వింత కాదు. మన గడపలోనికి వచ్చిన విషయము.

ఇక ప్రశ్నకు వత్తము. ఆ పొర జీవియా?

ఈ ప్రశ్నకు మన ప్రాంతపు మట్టిలోనే సమాధానములు వెదకవచ్చునని నా నమ్మకము. ఏలయన ప్రాణి యనగా నేమి, స్పర్శ యనగా నేమి యను విచారమును జీవితపరమార్థముగా చేసికొన్న మతములు ఈ మెట్టభూములందు శతాబ్దములు వర్ధిల్లినవి. పూర్వపు నల్లగొండ జిల్లాలోని కొలనుపాక జైనులకు నేటికిని పుణ్యక్షేత్రము. జడ్చర్ల చెంత ఆల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన గొల్లత్తగుడి, శిథిలమయ్యు, ఆ మతమునకు పాలమూరు సీమలో గల ప్రాచీనతకు సాక్ష్యమిచ్చుచున్నది. జైనులు జీవులను ఇంద్రియసంఖ్యనుబట్టి విభజించిరి. అన్నింటికంటె క్రిందిమెట్టున నుండునవి ఏకేంద్రియములు: చెట్టు, నీరు, నిప్పు, గాలి, మన్ను. వానికి కన్ను లేదు, చెవి లేదు, ముక్కు లేదు, నాలుక లేదు. స్పర్శ మాత్రము కలదు. అనగా జైనదృష్టిలో ప్రాణమునకు కడపటి గుర్తు చర్మేంద్రియమే. ఏకేంద్రియమునకు నాలుగు ప్రాణములని వారు చెప్పుదురు: స్పర్శనేంద్రియము, కాయబలము, శ్వాసోచ్ఛ్వాసము, ఆయువు. మన పొరను ఈ గీటురాతిపై పెట్టి చూడుడు. దానికి ఆయువు కలదు. కొన్ని వారములకు నశించును. కాయబలము కలదు, పెరుగుచున్నది. శ్వాసము కలదు, పసుపును ఊదాగా మార్చు పరీక్ష కొలుచుచున్నది దానినే. మిగిలిన దొక్కటే, స్పర్శ. చర్మముగా పుట్టి, చర్మము తప్ప మఱేమియు కాని ఈ వస్తువునకు స్పర్శ కలదా?

న్యాయశాస్త్రము ఇక్కడ మనకు తోడ్పడును. గౌతముని సూత్రములలో మూడవ అధ్యాయమున ఒక పూర్వపక్షము కలదు: చర్మేంద్రియము కన్నునందును చెవియందును సర్వత్ర వ్యాపించియున్నది గనుక ఇంద్రియము అదొక్కటియే, తక్కినవి దాని భేదములే, అని. సిద్ధాంతి దీనిని ఖండించెను. ఇంద్రియమొకటే యైనచో రూపము, రసము, గంధము అన్నియు ఒక్కమాఱే తెలియవలసి వచ్చునుగదా యని. ఖండించినను, ఆ పూర్వపక్షము వెంబడి ఒక లోతైన భావము మిగిలినది: చర్మము వట్టి కప్పు కాదు, జ్ఞానమునకు ద్వారము. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున త్వగింద్రియము సర్వశరీరమునందు వర్తించునని చెప్పినాడు. కొందఱు తార్కికులు ఇంకను ముందునకు పోయి, మనస్సు త్వక్కుతో కూడియున్నంతవఱకే జ్ఞానమని, సుషుప్తిలో అది త్వక్కును విడిచి పురీతత్తను నాడిలో ప్రవేశించును గనుక ఏమియు తెలియదని తేల్చిరి. ఈ లెక్కన చర్మమును స్పర్శేంద్రియముగా చేయునది చర్మము కాదు. దానితో మనస్సునకును, మనస్సుతో ఆత్మకును గల సంయోగము. ప్రయోగశాలలోని పొరకు నాడి లేదు. నాడి పోయి చేరవలసిన మెదడు లేదు. మనస్సు కూడుటకు చోటే లేదు. దానిది సుషుప్తి యనుటయు సరికాదు, నిద్రించినవాడు మేల్కొనును గనుక.

సూర్యాపేట ప్రాంతపు ఫణిగిరి కొండపై, స్తూపమునకు చుట్టును విహారములలో వసించిన భిక్షువులును ఇంచుమించు ఈ నిర్ణయమునకే వచ్చియుందురు, మఱియొక త్రోవను. ఇంద్రియము, విషయము, విజ్ఞానము అను మూడును కలిసినప్పుడే స్పర్శ. స్పర్శ కలిగినప్పుడే వేదన. వేదన కలిగినప్పుడే తృష్ణ. బుద్ధుడు బోధించిన ఈ శృంఖలలో మొదటి కడియమే అతుకనిచోట తరువాతి కడియములు వ్రేలాడవు. ఆమ్లము పడిన పొరలో కణములు చచ్చుచున్నవి; వాపునకు సంకేతములగు పదార్థములను అవి వెలువరించుచున్నవి; కాని మంట లేదు, ఏలయన మండుచున్నదని తెలిసికొనువాడు లేడు. ఆత్మను అంగీకరించిన నైయాయికుడును, అంగీకరింపని బౌద్ధుడును ఏకకంఠముగా పలుకు చోటులు తఱచు దొరకవు, ఇది అట్టిది.

జైనుని సంశయము మాత్రము నన్ను విడువలేదు. చెట్టునకు మెదడు లేకున్నను జీవమని, నొప్పి యనదగినది ఏదో దానికి కలదని నమ్మినవాడు నాడి లేదను హేతువుచేత తృప్తి చెందడు. అయినను ఆ మతమే ఒక మార్గము చూపినది. గృహస్థుడగు శ్రావకుని అహింసావ్రతము రెండింద్రియములు మొదలుకొని పైమెట్లలోనుండు చరజీవులను బుద్ధిపూర్వకముగా హింసింపరాదని శాసించును. ఏకేంద్రియముల విషయమున సాధ్యమైనంత తగ్గించుకొమ్మని చెప్పును. కావున ఆ పొరను ఏకేంద్రియజీవమనియే ఒప్పుకొన్నను, దానిని ఐదింద్రియములును గల కుందేలుతో తూచినప్పుడు ధర్మము ఎటు మొగ్గునో నిశ్చయించుట కష్టము కాదు. కుందేలునకు మంట తెలియును, తప్పించుకొన యత్నించును, బంధించియుండుటచే తప్పించుకొనలేదు. ఆ బంధనమే నా దృష్టిలో ఈ వ్యవహారమంతటిలోను ఘోరమైనది.

అట్లని ఈ పొర సంపూర్ణముగా అహింసనుండి పుట్టినదని చాటువారితో నేను ఏకీభవింపను. కణములను పెంచుటకు చిరకాలముగా వాడుచున్న ద్రవములలో ముఖ్యమైనది, వధింపబడిన చూడియావు గర్భములోని దూడ రక్తమునుండి తీసిన సీరము. 1975 నాటి పద్ధతిలో చర్మకణములకు తోడుగా ఎలుకజాతి కణములను ఉంచవలసి వచ్చెను. కణములకు ఆధారముగా పఱచు కొల్లాజెన్ అను మాంసకృత్తు పశువుల చర్మమునుండియో ఎలుకల తోకలనుండియో వచ్చుట కలదు. సీరము లేని పోషకద్రవములు నేడు లభించుచున్నవి, వానిని వాడువారును ఉన్నారు. కాని వాడనివారు అహింస యను మాటను తమ సీసాలపై అచ్చొత్తించుకొనుట సత్యవ్రతమునకు భంగము. కుందేలును విడిచి దూడను పట్టుకొన్నవాడు దారిలో సగము మాత్రమే నడచినాడు.

పొరకు నొప్పి లేదని తేలినంతమాత్రమున ప్రశ్న ముగియదు. పొరనుండి అది మనుష్యునివైపు తిరుగును. ఆ చర్మము ఎవనిది? వైద్యుడు కోసి తీసినది, రోగి వలదన్నది, పాఱవేయవలసినది యని ఒక వాదము. జైనుల పంచవ్రతములలో మూడవదియగు అస్తేయము ఈ వాదమును ఒప్పదు. ఈయనిదానిని తీసికొనుటయే దాని దృష్టిలో దోషము, ఆ వస్తువు విలువగలదా లేదా యను విచారము దానికి లేదు. 1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ గర్భాశయకంఠపు కణితినుండి, ఆమె యనుమతి లేకయే తీసిన కణములు నేటికిని లోకమంతట ప్రయోగశాలలలో పెరుగుచున్నవి; వానినుండి ఎన్నో మందులు పుట్టినవి, ఎందఱో ధనవంతులైరి; ఆమె సంతతివారితో ఒక పెద్ద వ్యాపారసంస్థ రాజీకి వచ్చినది 2023లో మాత్రమే. ఆ కణములవలన కలిగిన మేలును ఎవ్వరును కాదనరు. ఆ మేలును ఇచ్చునట్టి గౌరవమును, ఇచ్చితిననుకొను తృప్తిని ఆమెకు దక్కనీయలేదు, అది అపహరణము.

దీనికెదురుగా కర్ణుని తలంపుడు. సహజకవచము అతని చర్మముతోడనే పుట్టినది. అడిగినవాడెవడో తెలిసియు, ఇచ్చిన పిమ్మట తనకు కలుగు హాని తెలిసియు, కోసి యిచ్చినాడు. తెలిసి యిచ్చుటచేతనే అది దానమైనది. తెలియకుండ ఇంద్రుడు ఊడబెఱికికొని పోయియుండినచో మహాభారతమున ఆ కథకు స్థానమే యుండెడిది కాదు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో 2001లో ఒక చికిత్స ఆరంభమైనది: రోగియొక్క మంచికంటి అంచునుండి లేశమాత్రముగా తీసిన కణములను, ప్రసవించిన తల్లులు దానముచేసిన మాయ పొరపై పెంచి, సున్నమో ఆమ్లమో పడి చెడిపోయిన కంటిపై అతికించెదరు. బిడ్డను కన్నపిదప మట్టిలో పూడ్చిపెట్టు మాయ, అడిగి తీసికొనుటచేత, ఎఱుగని మనుష్యుని కంటికి వెలుగైనది. ఉస్మానియా ఆసుపత్రిలోని చర్మనిధికి మృతుల బంధువులు అంగీకరించి యిచ్చిన చర్మము కాలినవారి గాయములను కప్పుచున్నది. వస్తువు అదియే, అడుగుట యను నొక్క క్రియ దానిని చెత్తకుండినుండి దానపాత్రకు చేర్చుచున్నది.

చర్మమును పూజ్యముగా చేయు విద్య పాలమూరు పల్లెకు క్రొత్త కాదు. చిన్నచింతకుంట మండలములోని కురుమూర్తిస్వామి జాతర కార్తీకమాసమున జరుగును. అందు ప్రధానఘట్టము ఉద్దాలోత్సవము. స్వామికి ఉద్దాలను, అనగా తోలుపాదుకలను, వడ్డెమాను గ్రామములో దళితులు నియమనిష్ఠలతో కుట్టెదరు. వానిని వేలకొలది జనులు ఊరేగించుచు కొండకు కొనిపోయెదరు. ఊరిలో ఏ కులమువాడైనను ఆ పాదుకల యెదుట తల వంచును. చచ్చిన పశువు చర్మము ఇక్కడ అశుచి కాలేదు. వ్రతముపట్టిన చేతులు దానిని దేవుని పాదమునకు తగినదిగా చేసినవి. ఇంతటి సత్యమును ఏటేట కన్నులార చూచుచునే, ఆ పాదుకలు కుట్టిన చేతులను తాకరానివని తరతరములు దూరముంచిన సమాజము మనది. స్పర్శను గూర్చి ఇన్ని దర్శనములు వ్రాసికొన్న దేశమున స్పర్శపేరనే ఇంతటి పాపము జరిగినది. పాత్రలోని పొరను చూచి ఇది ఏ కులమువాని చర్మమని చెప్పగల శాస్త్రజ్ఞుడు లేడు. ఈ మాటను పాఠశాలలలో పిల్లలకు సూక్ష్మదర్శినితో చూపవలెనని నా కోరిక.

నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇకనున్నది. కుందేలునకు పూర్వమును, కుందేలుతోపాటును, రసాయనములను పరీక్షించుచు వచ్చిన చర్మము మఱియొకటి కలదు; అది కూలివాని చర్మము. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి, మేడలు లేపిరి. తడిసిమెంటును వట్టిచేతులతో కలిపినవారి వ్రేళ్లసందులు పగిలి, పుండ్లుపడి, మానక వేధించుట ఆ బస్తీలలో తిరిగినవారెల్ల ఎఱిగినదే. సిమెంటులోని క్షారము చర్మమును కాల్చును, అందలి క్రోమియము ఒకమాఱు పట్టెనా మఱల మఱల దురదను, పుండును లేపును. పూర్వపు నల్లగొండ జిల్లా కృష్ణాతీరమున వాడపల్లి మొదలుకొని మేళ్లచెర్వు వఱకు సిమెంటు కర్మాగారములు వరుసగా నిలిచినవి. పోచంపల్లి మగ్గములవారు చిటికీకట్టు నూలును కాస్టిక్ సోడా కలిసిన రంగులలో ముంచి పిండుచున్నారు. పత్తిచేలలో వీపున డబ్బా తగిలించుకొని పురుగుమందు కొట్టువాని అంగీ మధ్యాహ్నమునకు తడిసి ఒంటికి అంటుకొనును. చౌటుప్పల, పోలేపల్లి రసాయనకర్మాగారములలో వేలమంది పనిచేయుచున్నారు. ఇన్ని చర్మములను ఎవరు అడిగిరి? ఏ పత్రముపై వ్రాలు తీసికొనిరి?

ఇంతవఱకు ఒక నెపము ఉండెను: ఏ పదార్థము ఎంత హాని చేయునో మనుష్యుని చర్మముపై వాడి చూచినగాని తెలియదని. కుందేలు చర్మమునకును మన చర్మమునకును భేదము కలదు గనుక ఆ నెపము కొంత నిజమే. ఆ భేదము లేని చర్మము, నొప్పి నెఱుగని చర్మము, నేడు పాత్రలో పెరుగుచున్నప్పుడు ఆ నెపము చెల్లదు. దీనికిని పరిమితులు లేకపోలేదు. రక్షకకణములు లేని సాధారణపు పొర, క్రోమియమువంటిది కలిగించు అసహనమును చూపలేదు; దానికి వేఱు కణపరీక్షలు కావలెను, అవియు వచ్చినవి. సంవత్సరములతరబడి దినదినము అంటుకొనుచుండు పదార్థము చేయు కీడును కొన్ని వారములు బ్రదుకు పొర సంపూర్ణముగా చెప్పజాలదు. కాని మండించునది ఏది, కాల్చునది ఏది యనునంతవఱకు అది స్పష్టముగా చెప్పును. చెప్పిన పిమ్మటను చేతితొడుగు ఈయక మనుష్యుని ఆ పనికి పంపినవాడు, తెలియక చేసితినని ఏ దేవుని యెదుటను చెప్పుకొనలేడు. కుందేలును విడిపించి కూలివానిని బంధనమున నుంచిన అహింస నాకు సమ్మతము కాదు. ముఖమునకు పూయు లేపనముకొఱకు ఇంత జాగ్రత్త పడిన విద్య, వీపున డబ్బా మోయువాని కొఱకు అంతకు రెట్టింపు శ్రద్ధ వహింపవలెను.

మహబూబునగరమున 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. అక్కడి శస్త్రచికిత్సాగృహములలో తీసివేయబడు చర్మము రేపు ప్రయోగశాలలకు పోవు కాలము రావచ్చును. అది రావలెననియే నేను కోరుచున్నాను, ఏలయన మెట్టసీమ యెండలో పనిచేయు చర్మము ఏమి చెప్పునో విదేశపు పొర చెప్పజాలదు. అట్టి దినము వచ్చినప్పుడు రోగిని అడుగవలెను. ఆంగ్లములో అచ్చొత్తిన కాగితమున వ్రేలిముద్ర వేయించుకొనుట అడుగుట కాదు. దేనికి తీసికొనుచున్నారో, దానిపై ఏమి పోయుదురో, దానివలన ఎవరికి లాభమో అతని తెలుగులో చదివి వినిపించి, వలదనుటకు అతనికి అవకాశమిచ్చి, అప్పుడు తీసికొనవలెను. వైద్యులారా, ఈ యొక్క పనిని మీరు నేడే ఆరంభింపుడు. పాఠకులారా, మీ యింటిలో ఎవరికైన శస్త్రచికిత్స జరుగునపుడు, తీసినదానిని ఏమి చేయుదురని అడుగుడు. మీ చేనిలో మందు కొట్టువానికి, మీ ఇల్లు కట్టు కూలికి చేతితొడుగులు కొని యిచ్చి, తొడిగికొన్నాడో లేదో దగ్గఱనుండి చూడుడు.